వయసు గీత దాటాక మళ్లీ కవాతు: అమెరికా డ్రమ్ కోర్‌ల పూర్వ సభ్యుల దళాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోనూ కెనడాలోనూ ‘డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్’ అనే పేరుతో ప్రసిద్ధమై, వాడుకలో ‘డ్రమ్ కోర్’గా కుదించుకుపోయిన వాద్యదళం తెలుగువారు ఎరిగిన పెళ్లి బ్యాండు మేళానికీ, పరేడ్ మైదానంలో కనిపించే పోలీసు బ్యాండుకూ దూరపు చుట్టమే అయినా, దాని కట్టుబాట్లు వేరు. క్లారినెట్, శాక్సోఫోన్ వంటి రీడ్ వాద్యాలకూ వేణువుకూ అందులో చోటు లేదు. ఇత్తడి బ్యూగిళ్లు, డ్రమ్ములు, జెండాలు తిప్పుతూ కదిలే ‘కలర్ గార్డ్’ అనే జట్టు, ఈ మూడే దాని సంప్రదాయ అంగాలు. ఫుట్‌బాల్ మైదానాన్ని రంగస్థలంగా చేసుకొని, పది పన్నెండు నిమిషాలపాటు వరుసలు మార్చుతూ, సంగీతాన్నీ కవాతునూ విడదీయకుండా నడిపించడం దాని పని. ఈ దళాలలో యౌవనంలో వాయించి, వయసు మీరి బయటికి వచ్చినవారు పదేళ్లకో నలభై ఏళ్లకో మళ్లీ కూడి, పాత పేరుతో, వీలైతే పాత వాద్యాలతోనే ప్రదర్శనలిచ్చే సంస్థను ‘అలమ్నై కోర్’, అంటే పూర్వ సభ్యుల దళం అంటారు. తెలుగునాట బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం గురువులకు శాలువాలతో, ఒక పూట భోజనంతో, అందరూ కలిసి దిగే ఫొటోతో ముగుస్తుంది. అలమ్నై కోర్‌లో కలుసుకోవడమంటే నెలల తరబడి సాధన చేయడమే. గతం మీది బెంగ అని ఈ ఆనవాయితీని కొట్టిపారేయడం తేలికే గాని, దాని చరిత్రను మొదటినుంచి పరిశీలిస్తే డ్రమ్ కోర్ పుట్టుకలోనే పాత సహచరుల పునఃసమాగమం ఉన్నదనీ, అది పిల్లల పోటీగా మారిన కాలమే నడుమ వచ్చిన మలుపనీ తోస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్స్‌లో ఇంకా మిగిలివున్న అమెరికా సైనికులు 1919 మార్చిలో పారిస్ నగరంలో సమావేశమై ‘అమెరికన్ లీజియన్’ అనే మాజీ సైనికుల సంఘానికి పునాది వేశారు. దానికి ముందే, 1899లో మొదలైన సంఘాల నుంచి రూపుదిద్దుకున్న ‘వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్’ అనే మరో సంఘం ఉంది. ఈ సంఘాల స్థానిక శాఖలను ‘పోస్ట్’లు అంటారు. ఊరూరా పోస్ట్‌లు ఏర్పడి, జాతీయ పర్వదినాలలో ఊరేగింపులు తీయవలసి వచ్చినప్పుడు సైన్యంలో నేర్చిన విద్యే వారికి అక్కరకు వచ్చింది. సైనిక శిబిరంలో మేలుకొలుపు మొదలు దీపాలు ఆర్పే వేళ వరకు దినచర్య అంతా బ్యూగిల్ పిలుపులతోనే నడిచేది. అడుగు కలిపేందుకు డ్రమ్ము ఉండేది. బ్యూగిల్ చౌక, మోయడం సులభం, యుద్ధానంతరం సైన్యానికి అవసరం లేక మిగిలిపోయినవి కావలసినన్ని దొరికేవి. నిండు బ్యాండును పోషించే స్తోమత లేని చిన్న ఊరి పోస్ట్ కూడా బ్యూగిళ్లతో, డ్రమ్ములతో ఒక దళాన్ని నిలబెట్టుకోగలిగేది. 1921 నుంచి లీజియన్ తన వార్షిక జాతీయ మహాసభలలో ఈ దళాల మధ్య పోటీలు నడిపింది. కందకాలలో కలిసి బతికి ఇళ్లకు తిరిగివచ్చిన మనుషులు, ఆ సహవాసాన్ని వదులుకోలేక, వారాంతపు సాయంత్రాలలో కూడి వాయించిన వాద్యమే డ్రమ్ కోర్ అనవచ్చు.

ఆనాటి వాద్యం ఎంత పరిమితమైనదో తెలియకపోతే తరువాతి కథ అర్థం కాదు. అమెరికా సైన్యం 1892లో ఖరారు చేసిన ఫీల్డ్ ట్రంపెట్ జి శ్రుతిలో ఉండేది. దళాల బ్యూగిల్ ఆ శ్రుతినే పుణికిపుచ్చుకుంది. మీటలేవీ లేని గొట్టం గనుక పెదవుల బిగింపును మార్చి సహజంగా పలికే అనుస్వరాలను మాత్రమే రాబట్టాలి. కర్ణాటక సంగీత పరిభాషలో చెప్పాలంటే, మామూలు స్థాయిలో పలికేవి షడ్జం, అంతర గాంధారం, పంచమం మాత్రమే. సైనిక పిలుపులన్నీ ఈ మూడింటి అల్లికలే. 1920ల చివర గొట్టానికి ఒక పిస్టన్ చేర్చి, దాన్ని నొక్కితే అదనపు గొట్టం తెరుచుకొని శ్రుతి జి నుంచి కింది డి కి దిగేలా చేశారు. దానితో పంచమంతో పాటు కాకలి నిషాదం, చతుశ్శ్రుతి రిషభం కూడా చేతికి వచ్చాయి. మధ్యమం, ధైవతం మాత్రం ఇంకా అందనంత దూరంలోనే ఉండిపోయాయి. ఆ తరువాతి దశాబ్దాలలో పక్కన బొటనవేలితోనో ఎడమచేతితోనో కదిపే స్లైడు, రోటర్ చేరి మరికొన్ని స్వరాలను తెచ్చిపెట్టాయి. ఉన్న స్వరాలతోనే జాజ్ పాటలనూ బ్రాడ్‌వే నాటక గీతాలనూ పలికించాలంటే సంగీత రచయితలు పెద్ద గొట్టాలవారికి కొంత, చిన్న గొట్టాలవారికి కొంత పంచిపెట్టవలసివచ్చేది. జి బ్యూగిల్ నాదం ట్రంపెట్‌లా నునుపుగా ఉండదు. కొంచెం గరుకుగా, కంచు గంట అంచును మోగించినట్టు, ఎదురుగా నిలబడ్డవారి ఛాతీని తాకుతుంది. అలమ్నై కోర్‌లలో చేరినవారు ఏళ్లు గడిచాక వెదుక్కుంటూ వచ్చేది ముఖ్యంగా ఈ గరుకుదనం కోసమే.

డ్రమ్ముల సంప్రదాయం మరింత పాతది. స్నేర్ డ్రమ్‌పై చేయి తిరగడానికి నేర్పే ప్రాథమిక పాఠాలను ‘రూడిమెంట్స్’ అంటారు. లాంగ్ రోల్, ఫ్లామ్, పారడిడిల్, రాటమాక్యూ వంటి వాటి పేర్లలోనే దెబ్బల వరుస వినిపిస్తుంది. మృదంగ విద్యార్థి చేతికంటే ముందు నోటితో సొల్లుకట్టు పలికినట్టే ఇక్కడా పేరును పలుకుతూ చేతిని అలవాటు చేస్తారు. 1933లో లీజియన్ మహాసభ షికాగోలో జరిగినప్పుడు అక్కడ చేరిన డ్రమ్ గురువులు ‘నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రూడిమెంటల్ డ్రమ్మర్స్’ను స్థాపించి, తప్పనిసరిగా రావలసిన పదమూడు పాఠాలనూ, ఆపైన మరో పదమూడింటినీ నిర్ణయించారు. డ్రమ్ముపై చర్మమే బిగించే రోజులలో వాన పడితే నాదం చచ్చిపోయేది; 1950ల చివర ప్లాస్టిక్ పొర వచ్చేదాకా ఊరేగింపు దళాలకు ఆకాశంవైపు చూడక తప్పేది కాదు. స్నేర్ డ్రమ్ పట్టీతో మెడకు వేలాడి ఎడమ తొడపైకి వాలి ఉండేది గనుక, ఎడమచేతి కర్రను అరచేయి పైకి తిప్పి బొటనవేలి సందులో పట్టుకునే పద్ధతి ఏర్పడింది. డ్రమ్ము బల్లపరుపుగా నిలిపే సరంజామా వచ్చి ఆ అవసరం తీరిపోయాక కూడా ఆ పట్టు పోలేదు.

మాజీ సైనికులు తమ కోసం పెట్టుకున్న దళాల పక్కనే, 1930ల నుంచి వారి పిల్లలకోసం, చుట్టుపక్కల కుర్రకారుకోసం ‘జూనియర్’ దళాలు వెలిశాయి. వాటిని నిలబెట్టినవారిలో పోస్ట్‌లతో పాటు కాథలిక్ చర్చిలు, పోలీసు క్రీడా సంఘాలు, బాయ్ స్కౌట్ దళాలు ఉన్నాయి. న్యూజెర్సీలోని గార్ఫీల్డ్‌లో 1934లో ఒక చర్చి నీడలో హోలీ నేమ్ కేడెట్స్, 1938లో విస్కాన్సిన్‌లో మాడిసన్ స్కౌట్స్, 1948లో షికాగోలో డాన్ వారెన్ స్థాపించిన కవలియర్స్ ఈ కోవలోవే. వీధుల్లో తిరిగే కుర్రవాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం, నీతి నేర్పడం వాటి ప్రకటిత లక్ష్యాలు. సభ్యుల్లో పెక్కుమందికి సంగీత లిపి రాదు. గురువు వాయించి వినిపించగా, పిస్టన్ ఎప్పుడు లోపలికి, ఎప్పుడు బయటికి అని అంకెలు వేసుకొని కంఠస్థం చేసేవారు. జూనియర్ దళంలో ఉండటానికి పైవయసు ఇరవై ఒకటి. ఆ గీతను దాటడాన్ని ‘ఏజ్ అవుట్’ కావడం అంటారు. అది ఒక నియమంగా మొదలై, కాలక్రమంలో చివరి పోటీ రాత్రి కన్నీళ్లతో జరిగే ఒక క్రతువుగా స్థిరపడింది. పన్నెండో పదమూడో ఏట చేరిన పిల్లవాడు తన జీవితంలో ఎంతో భాగాన్ని నింపిన సంఘాన్ని ఒక వేసవి చివర, బలవంతంగా, ఒకే రోజున వదిలిపెట్టాలి. ఇంత ఖచ్చితమైన గడువున్న యౌవనం మరే కళలోనూ అంతగా కనబడదు. ఉన్నపళంగా తెగిన ఆ బంధం నుంచే అలమ్నై కోర్ అవసరం పుట్టిందని చెప్పవచ్చు.

వయసు గీతకు అవతల నిలిచే దారి అప్పట్లోనూ ఒకటి ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చినవారు 1945లో న్యూయార్క్‌లో స్కైలైనర్స్‌గా ప్రసిద్ధి చెందిన దళాన్నీ, 1946లో న్యూజెర్సీలోని హాథోర్న్‌లో 199వ నెంబరు పోస్ట్ ఆధ్వర్యంలో కబలెరోస్ దళాన్నీ స్థాపించారు. ఇలాంటి ‘సీనియర్’ దళాలలో గరిష్ఠ వయసు లేదు. పగలు ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో పనిచేసి, ఆదివారాలు సాధన చేసే మనుషులవి. స్పానిష్ దుస్తులతో, లాటిన్ బాణీలతో కబలెరోస్, తమ నగరాన్ని గురించిన పాటలతో స్కైలైనర్స్ దశాబ్దాల పాటు పేరు నిలుపుకున్నాయి. 1960ల మధ్యలో ఈ దళాలు ‘డ్రమ్ కోర్ అసోసియేట్స్’ అనే సమాఖ్యగా ఏర్పడి, ప్రతి సెప్టెంబరు మొదట్లో వచ్చే కార్మిక దినోత్సవ వారాంతంలో తమ జాతీయ పోటీని జరుపుకోసాగాయి.

ఆ కాలపు పోటీ పద్ధతిని చూస్తే, ఒకనాటి సభ్యులకు అరవై ఏళ్లు దాటినా వెన్ను నిటారుగా ఎందుకు ఉంటుందో తెలుస్తుంది. ప్రతి దళం నూరు మార్కులతో మొదలయ్యేది. న్యాయనిర్ణేతలు అట్టకు బిగించిన కాగితంతో మైదానంలో వాద్యకారుల మధ్యనే నడుస్తూ, దెబ్బ తడబడినా, అడుగు తప్పినా, స్వరం పగిలినా ఒక్కో గీటు పెట్టి పదోవంతు మార్కు కోసేవారు. ‘టిక్’ అని పిలిచే ఈ గీటు పెట్టడానికి స్నేర్ వరుస ముందు ఒక న్యాయనిర్ణేత మోకాళ్లు వంచి, కర్రల కొనల ఎత్తు కొలుస్తున్నట్టు చూస్తుంటే, వాయించేవాడు రెప్ప వేయకూడదు, దిక్కు మార్చకూడదు. మైదానంలోకి వచ్చే గీతా, వెళ్లిపోయే గీతా నిర్ణీతమే. జాతీయ జెండాను ఊరేగించే ‘కలర్ ప్రెజెంటేషన్’ తప్పనిసరి. జెండా మర్యాదలో పొరపాటుకు వేరే శిక్ష. సృజనకు ఇంత తక్కువ చోటిచ్చిన పద్ధతి పిల్లల్లో భయాన్నే పెంచి ఉండవలసింది. అందులో పెరిగినవారిలో చాలామంది మాత్రం దాన్ని గర్వంగానే తలచుకుంటారు. దాని నుంచి విడుదలైన తరువాత కలిగే ఉల్లాసం అలమ్నై ప్రదర్శనలలో ప్రత్యేకంగా కనిపిస్తుంది.

మాజీ సైనికుల సంఘాలు పోటీలకు ఎవరిని రానివ్వాలో, ఏ నియమాలు పెట్టాలో తామే నిర్ణయిస్తూ, దూరం నుంచి వచ్చే దళాల ఖర్చుల గురించి పట్టించుకోకపోవడంతో 1971లో కొన్ని ప్రముఖ జూనియర్ దళాల నిర్వాహకులు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు ఫలితంగా ‘డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్’ ఏర్పడి, 1972 ఆగస్టులో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో తొలి పోటీని జరిపింది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన అనహైమ్ కింగ్స్‌మెన్ అందులో విజేత. దళాల చేతికే అధికారం రావడం న్యాయమే అయినా, దాని పర్యవసానాలు న్యాయంగా పంచబడలేదు. దేశమంతా తిరిగే వేసవి యాత్రలు మొదలయ్యాక బస్సులకూ, భోజనాలకూ, శిక్షకులకూ కావలసిన డబ్బు పెద్ద సంస్థలకే సాధ్యమైంది; చర్చి వెనుక ఆవరణలో వాయించే వీధి దళాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. పారిష్‌లు అనే పాత చర్చి పేటలలోని కుటుంబాలు నగర శివార్లకు తరలిపోవడమూ, మాజీ సైనికుల పోస్ట్‌లలో సభ్యత్వం తగ్గడమూ ఆ పతనాన్ని వేగవంతం చేశాయి.

వాద్యమూ నిలవలేదు. 1977లో రెండు పిస్టన్లు, 1984లో టిక్ పద్ధతికి స్వస్తి, 1990లో మూడు పిస్టన్లు, 2000లో ఏ శ్రుతి వాద్యానికైనా అనుమతి, 2004లో మైక్రోఫోన్లు, 2009లో ఎలక్ట్రానిక్ వాద్యాలు. నియమావళి మారిన ప్రతిసారీ సంగీతం విస్తరించింది, పాత నాదం వెనక్కు జరిగింది. నేటి అగ్రశ్రేణి దళాల నైపుణ్యం 1960ల దళాలు ఊహించలేనిది. ఇందులో సందేహం అక్కరలేదు. అయినా నలభై ఏళ్ల కిందటి సభ్యుడు నేటి స్టేడియంలో కూర్చుంటే తాను వాయించిన కళ తన కళ్లముందు లేదన్న సంగతి అతనికి తెలుస్తుంది. ఒకవైపు అతని వయసు గీత దాటింది. మరోవైపు అతని వాద్యం నిబంధనల గీత దాటింది. చాలామందికి దళమే మిగల్లేదు. ఈ మూడు నష్టాలూ ఒకే తరం మీద పడిన 1980ల తరువాతనే అలమ్నై కోర్‌లు చెదురుమదురు ప్రయత్నాల స్థాయి దాటి ఒక ఉద్యమంగా మారడం యాదృచ్ఛికం కాదు.

ఇవి రెండు రకాలు. మొదటిది, ఏదో ఒక వార్షికోత్సవానికి ఒక్క వేసవి కోసం పాత సభ్యులు కూడి, ఒకటి రెండు ప్రదర్శనలిచ్చి విడిపోయేది. మసాచుసెట్స్‌లోని రివీర్‌కు చెందిన ట్వంటీసెవెన్త్ లాన్సర్స్ 1980 లేక్ ప్లాసిడ్ శీతాకాల ఒలింపిక్స్‌లో సైతం కనిపించి, 1986 తరువాత మూతపడిన దళం. 1994లో జాతీయ పోటీ వారి సొంత రాష్ట్రంలోని ఫాక్స్‌బరోకు వచ్చినప్పుడు, పోటీతో సంబంధం లేకుండా, ఆనాటి సభ్యులు మైదానంలోకి దిగి పాత ప్రదర్శన భాగాలను మళ్లీ వాయించారు. 1965లో లీజియన్, వెటరన్స్, కాథలిక్ యువజన సంఘం నడిపే మూడు జాతీయ బిరుదులనూ గెలిచిన షికాగో రాయల్ ఎయిర్స్ సభ్యులు ఈ శతాబ్ది తొలి ఏళ్లలో తిరిగి కలిశారు. తొలి విజేతలైన కింగ్స్‌మెన్ దళం 1980లలోనే అంతరించినా, 2007లో పోటీ పాసడీనాలో జరిగినప్పుడు దాని పూర్వ సభ్యులు ఆ మైదానంలో కనిపించారు. రెండవ రకం దళాలు ఏడాది పొడుగునా నడుస్తాయి; న్యూయార్క్ రాష్ట్రపు పడమటి భాగంలో బటేవియాకు చెందిన చర్చి దళం వారసత్వంగా కొనసాగిన మైటీ సెయింట్ జోస్, కబలెరోస్ పూర్వ సభ్యుల దళం, స్కైలైనర్స్ పూర్వ సభ్యుల దళం ఇలా నడిచినవి. వీటికి జులై నాలుగు ఊరేగింపులు, అలమ్నై ప్రదర్శనలు, వర్ధంతులు, స్మారక దినాలు చాలు. 1785 నుంచి స్వాతంత్ర్య దినోత్సవాన్ని ఎడతెగక జరుపుకుంటున్న రోడ్ ఐలండ్‌లోని బ్రిస్టల్ వంటి చిన్న పట్టణాలలో ఊరేగింపుతో పాటు డ్రమ్ కోర్ ప్రదర్శన కూడా ఉత్సవంలో భాగం.

ఒక పాత దళాన్ని తిరిగి నిలబెట్టడంలో మొదటి చిక్కు సంగీత ప్రతులది. ఆనాటి రచనలు చాలావరకు చేతిరాత కాగితాలు. గురువు పోతే పెట్టెతో పాటు అవీ పోయాయి. అయితే ట్వంటీసెవెన్త్ లాన్సర్స్ ఊరైన రివీర్‌లోనే ఉండిన ఫ్లీట్‌వుడ్ రికార్డ్స్ అనే సంస్థ 1960లు, 70లలో మైదానాల నుంచే పోటీ ప్రదర్శనలను రికార్డు చేసి ఎల్.పి.లుగా అమ్మేది. గాలి హోరు, చప్పట్ల మోత మధ్య వినిపించే ఆ రికార్డులను పదేపదే వింటూ, ఒక్కో వాద్య వరుసను విడదీసి రాసుకొని, ఆనాడు మూడో సోప్రానో (పై స్థాయి బ్యూగిల్) వాయించినవారిని పిలిచి గుర్తున్నది వాయించమని అడిగి, రచనను పునర్నిర్మిస్తారు. ఇక్కడ విచిత్రమైన విషయం, పాటలో ప్రధాన స్వరం మరిచిపోయినవారికి సైతం తమ సొంత వరుస, అంటే పక్కవాద్యపు నాలుగు స్వరాలు, వేళ్లలో అలాగే ఉండిపోవడం. లిపి రాకుండా కంఠస్థం చేసిన పద్ధతి, ఆనాడు లోపంగా కనిపించినది, ఇప్పుడు ఉపకరిస్తుంది.

తరువాతి చిక్కు వాద్యాలది. జి బ్యూగిళ్లు తయారీలోంచి దాదాపు తప్పుకోవడంతో, గెట్జెన్, టొరంటోకు చెందిన వేలీ రాయిస్ వంటి పాత తయారీదారుల ముద్ర ఉన్నవాటిని అటకల మీదినుంచీ, మూతపడిన దళాల గోదాములనుంచీ, పాత సామాన్ల అమ్మకాలనుంచీ ఏరుకోవాలి. అంగుళాల లోతు సొట్టలు తీయించి, బిగుసుకుపోయిన రోటర్‌ను నూనెలో నానబెట్టి, వెండిపూత పోయినచోట మెరుగుపెట్టి, ఒక వరుసకు సరిపడా జతచేయడానికి ఒక శీతాకాలం పడుతుంది. ఆ తరువాత శరీరం వంతు. బ్యూగిల్ నాదమంతా పెదవి కండరాల పైనే ఆధారపడుతుంది. ముప్ఫై ఏళ్లు వాయించని పెదవి ఐదు నిమిషాలకే వదులై, పై స్థాయి షడ్జం దగ్గర ఉత్త గాలి బయటికి వస్తుంది. రోజూ కొంచెంగా దీర్ఘ స్వరాలు పట్టి దాన్ని తిరిగి బిగించాలి. దంతాలు కట్టించుకున్నవారు పెదవిని కొత్తగా నేర్పుకోవాలి. మోకాళ్లు సహకరించవు గనుక చాలా దళాలు మైదానంలో పరుగులు పెట్టే రచనను వదిలి, అర్ధచంద్రాకారంలో నిలబడి వాయించే పద్ధతికి మారాయి. ఊరేగింపులలో వాహనంపై కూర్చొని వాయించేవారూ ఉంటారు. భుజంపై మోసే కాంట్రా బాస్ బ్యూగిల్‌ను మాత్రం ఎవరూ మరొకరికి ఇవ్వడానికి తొందరగా ఒప్పుకోరు.

ఇంత కష్టపడి కలిసి వాయించడంలో దొరికేది ఏమిటన్న ప్రశ్నకు చరిత్రకారుడు విలియం మెక్‌నీల్ 1995లో ప్రచురించిన గ్రంథంలో ఒక సమాధానం ఉంది. 1941లో సైన్యంలో చేరి టెక్సాస్ ఎండలో అర్థంపర్థం లేని కవాతు చేస్తున్నప్పుడు తనకు కలిగిన ఒక వివరించలేని తృప్తిని గుర్తుచేసుకొని, లయబద్ధంగా ఒకేసారి కదిలే శరీరాల మధ్య మాటలతో పనిలేని ఒక బంధం ఏర్పడుతుందనీ, సైన్యాలూ మతాలూ గ్రామ నృత్యాలూ దానిపైనే నిలబడ్డాయనీ ఆయన వాదించాడు; దానికి కండర బంధం అని పేరు పెట్టాడు. మనస్తత్వవేత్త రాబిన్ డన్‌బార్ బృందం 2012లో వెల్లడించిన ప్రయోగాలలో, సంగీతం వినేవారికంటే పాడేవారికీ, వాయించేవారికీ, ఆడేవారికీ నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగినట్టు తేలింది. డ్రమ్ కోర్‌లో ఈ బంధం మరింత తీవ్రం. పదిమంది స్నేర్ వాద్యకారుల కర్రలు ఒకే క్షణంలో పడితే పది డ్రమ్ములు వినిపించవు, ఒకటే వినిపిస్తుంది. ఆ ఒకటి తనదో పక్కవాడిదో వాయించేవాడికే తెలియదు. అర్ధచంద్రాకారంలో నిలబడ్డ బ్యూగిల్ వరుస పతాక స్వరాన్ని పట్టినప్పుడు మధ్యలో నిలబడినవారికి శబ్దం చెవిలోకంటే పక్కటెముకలలో ఎక్కువగా తెలుస్తుంది. ఇరవయ్యో ఏట ఈ అనుభవాన్ని పొందినవాడు మళ్లీ ఎక్కడా, ఉద్యోగంలోగాని సంసారంలోగాని, అదే రూపంలో పొందలేడు. అలమ్నై కోర్‌లో చేరినవారు వదలకపోవడానికి స్నేహంకంటే, జ్ఞాపకాలకంటే ఇదే బలమైన కారణంగా కనిపిస్తుంది. ఎందుకంటే స్నేహితులను టెలిఫోన్‌లో పలకరించవచ్చు, ఆ స్వరాన్ని మాత్రం ఒంటరిగా పట్టడం సాధ్యం కాదు.

దీనికి తోడు న్యాయనిర్ణేత లేడు. గీటుపెట్టే కాగితం ఎదుట రెప్ప వేయకుండా పెరిగినవారు ఇప్పుడు వాయిస్తూ నవ్వవచ్చు. స్వరం పగిలితే పక్కవాడు మోచేత్తో పొడుస్తాడంతే. ప్రేక్షకులలో ఉన్న మరో దళపు పాత సభ్యుడు, ఒకప్పుడు ఓడించాలని కసిగా ఉన్నవాడు, లేచి నిలబడి చప్పట్లు కొడతాడు. ప్రతి దళానికీ ఒక సొంత పాట ఉంటుంది. మాడిసన్ స్కౌట్స్‌కు ‘యూ విల్ నెవర్ వాక్ అలోన్’, లాన్సర్స్‌కు ‘డానీ బాయ్’. ప్రదర్శన ముగిశాక వాద్యాలు కింద పెట్టి, చేయి చేయి కలిపి వలయంగా నిలబడి దాన్ని పాడుతున్నప్పుడు, నిరుటి సభ్యుడూ యాభై ఏళ్ల కిందటి సభ్యుడూ ఒకే మాటను ఒకే చోట సాగదీస్తారు.

ఈ జ్ఞాపకాలలో ఒక మరుగు కూడా ఉంది. బంగారు యుగంగా చెప్పుకునే 1960లలో పెక్కు దళాలు మగపిల్లలకే పరిమితం. న్యూజెర్సీలోని ఆడుబన్ బాన్‌బాన్స్ వంటి ఆడపిల్లల దళాలు విడిగా నడవవలసి వచ్చింది, మిగిలినచోట్ల వారికి దొరికింది ఎక్కువగా జెండాల వరుసే. ఈనాటి అలమ్నై కోర్‌లలో ఒకప్పుడు జెండా పట్టిన స్త్రీ సోప్రానో వరుసలో నిలబడటం, అప్పట్లో తనకు ఇవ్వని వాద్యాన్ని ఇప్పుడు నేర్చుకోవడం సాధారణం. పాత దళాన్ని ఉన్నదున్నట్టు నిలబెడుతున్నామని నిర్వాహకులు చెప్పుకున్నా, ఈ ఒక్క విషయంలో వారు పాతదాన్ని సరిదిద్దుతున్నారు; అలా చేస్తున్నట్టు వారు పెద్దగా చాటుకోరు కూడా.

ఇటీవలి మార్పులు ఈ దళాల స్థితిని మళ్లీ కదిపాయి. సీనియర్ దళాల సమాఖ్య తన పోటీలను డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్‌లో విలీనం చేయగా, 2024 నుంచి ‘ఆల్ ఏజ్’ అనే తరగతి దాని కింద నడుస్తున్నది. అదే ఏడాది, హోలీ నేమ్ కేడెట్స్‌గా మొదలై తొంభై ఏళ్ల చరిత్ర ఉన్న కేడెట్స్ దళం న్యాయస్థానాలలో దాఖలైన దావాల నేపథ్యంలో మూతపడి, మరో తరాన్ని దళం లేని పూర్వ సభ్యులుగా మిగిల్చింది. ఇంకోవైపు, 2000 జనవరి నుంచి కుటుంబం కోరితే అర్హుడైన ప్రతి మాజీ సైనికుడి అంత్యక్రియలలోనూ ‘టాప్స్’ అనే వీడ్కోలు పిలుపు వినిపించాలని చట్టం నిర్దేశించగా, వాయించేవారు చాలక రికార్డు పెట్టవలసి వస్తున్నదని గమనించిన టామ్ డే అనే బ్యూగిల్ వాద్యకారుడు అదే సంవత్సరం ‘బ్యూగిల్స్ అక్రాస్ అమెరికా’ను స్థాపించాడు, పెదవిని తిరిగి బిగించుకున్న డ్రమ్ కోర్ పూర్వ సభ్యులకు వారం మధ్యలో చేయడానికి అలా ఒక పని దొరికింది.

సభ్యత్వపు నిబంధన మాత్రం మెల్లగా సడలిపోతున్నది. 1960లలో వాయించినవారు తగ్గిపోతుండటంతో ఏడాది పొడుగునా నడిచే దళాలు మొదట ఇతర దళాల పూర్వ సభ్యులను, తరువాత సభ్యుల భార్యలను, భర్తలను, కొడుకులను, కూతుళ్లను చేర్చుకున్నాయి. ఇప్పుడు ఏనాడూ ఏ దళంలోనూ లేని యాభై ఏళ్ల మనిషి, బడి రోజుల ట్రంపెట్‌ను దుమ్ము దులిపి తెచ్చుకొని వచ్చినా వరుసలో చోటిస్తున్నారు. అలాంటివారి చేతికి మొదట ఒక జి బ్యూగిల్, ఒక రికార్డు ప్రతి, మూడో సోప్రానో వరుస ఇస్తారు. వచ్చే ఆదివారం సాధనకు రమ్మంటారు.